ఇంట్లో కట్టిన గిటార్ యాంప్లిఫయర్: హమ్ ఎక్కడ పుడుతోంది, టంకం ఎక్కడ తప్పింది

"కొత్త యాంప్ కట్టాను, పని చేస్తోంది, కానీ గుంయ్‌మని ఒకటే రొద, అదే హమ్. ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చాను. అయినా పోలేదు." ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. సమాధానం ప్రతిసారీ ఒకటే: ముందు సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టండి. శబ్దం ఏ దారిన వస్తోందో తెలియకుండా భాగాలు మారిస్తే, పాత లోపం అలాగే ఉంటుంది, దానికి తోడు కొత్త జాయింట్ల లోపాలు చేరతాయి.

కింది వరుస ట్యూబు (వాక్యూమ్ ట్యూబు) యాంప్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది. ట్రాన్సిస్టర్, చిప్ యాంపులు కట్టినవారికి కూడా మొదటి ఎనిమిది భాగాల్లో చాలావరకు వర్తిస్తాయి. వాళ్లకు ప్రత్యేకంగా పదకొండో భాగం ఉంది.

## 1. మూత తీసే ముందు

ప్లగ్గు పీకేసినా ట్యూబు యాంప్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లలో (సప్లై వోల్టేజిని నునుపు చేసేవి) 300 నుంచి 500 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగల వోల్టేజి. ఈ భాగాన్ని దాటవేసి ముందుకు వెళ్లవద్దు.

• ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీయండి. స్విచ్ ఆపితే చాలదు.
• 10 కిలోఓమ్, 10 వాట్ల వైరువౌండ్ రెసిస్టర్‌కు రెండు వైపులా మంచి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు బిగించండి. ఒక క్లిప్పు ఛాసిస్‌కు (యాంప్ లోహపు చట్రానికి), రెండోది కెపాసిటర్ ప్లస్ కొసకు. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ అయిదారు సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది.
• ఆ తర్వాత మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజి చూడండి. అయిదు వోల్టుల కిందికి దిగాకే చెయ్యి పెట్టండి. ప్రతి కెపాసిటర్‌నూ విడిగా చూడండి.
• ఖాళీ చేసిన కెపాసిటర్ కాసేపటికి కొంత వోల్టేజి మళ్లీ కూడగట్టుకుంటుంది. అందుకే పని ముగిసేదాకా ఆ క్లిప్పు అలాగే ఉంచండి. స్విచ్ వేసే ముందు తీయడం మర్చిపోవద్దు.

స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించే పద్ధతి వద్దు. కెపాసిటర్ లోపలి అతుకులు దెబ్బతింటాయి, నిప్పురవ్వ కంటికి ఎగురుతుంది.

కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి వీపు వెనక ఉంచుకోండి. మీటరు నల్ల ప్రోబును ముందే క్లిప్పుతో ఛాసిస్‌కు బిగించండి. ఉంగరం, గడియారం తీసేయండి. ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

ఇంకో రెండు నియమాలు. ట్యూబు యాంప్‌ను స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ నడపవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. హమ్ తగ్గుతుందని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరగగొట్టడం, ఎర్త్ వైరును విప్పేయడం చేయవద్దు. నిజంగానే హమ్ తగ్గవచ్చు. కానీ రేపు లోపల ఒక వైరు ఊడి ఛాసిస్‌కు తగిలితే, ఆ కరెంటు గిటార్ తీగల మీదుగా మీ చేతిలోకి వస్తుంది.

## 2. బల్ల మీద ఉండాల్సినవి

• మల్టీమీటర్, క్లిప్పు ప్రోబులతో
• వేడిని మార్చుకోగల 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఉలి ఆకారపు బిట్టు
• రోసిన్ కోర్ సోల్డర్, 0.8 లేదా 1 మిల్లీమీటరు మందం
• సోల్డర్ సక్కర్, రాగి విక్ (సోల్డర్‌ను పీల్చే అల్లిక)
• పొడి చెక్కపుల్ల, ఒక అడుగు పొడవు
• షార్టింగ్ ప్లగ్గు: గిటార్ జాక్ ప్లగ్గు ఒకటి తీసుకుని కొన, గొట్టం రెండూ కలిపి టంకం వేసినది
• సిరీస్ బోర్డు: మెయిన్స్ (గోడ కరెంటు) దారిలో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలిపిన బోర్డు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.

కొత్తగా కట్టిన యాంప్‌ను గానీ, మార్పు చేసిన యాంప్‌ను గానీ మొదటిసారి సిరీస్ బోర్డు మీదే వెలిగించండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే సరే. పూర్తి వెలుగుతో నిలిచిపోతే లోపల షార్ట్ ఉంది, వెంటనే ఆపండి.

## 3. ముందు చెవితో వినండి

హమ్ అని మనం పిలిచేవన్నీ ఒకటి కావు. గుంయ్‌మని బొంగురుగా మోగేది ఒకటి. జుయ్‌మని కందిరీగలా గీసేది ఇంకొకటి. సుయ్‌మని వానలా వినిపించేది హిస్, అది వేరే కథ. చిటపట, కరకర అంటే టంకాన్నో, జాక్‌నో, పాట్‌నో (నాబ్ కింద ఉండే, తిప్పి మార్చే రెసిస్టర్) అనుమానించాలి.

గుంయ్‌మనే శబ్దపు శ్రుతి తెలుసుకోవడానికి పరికరం కొననక్కర్లేదు, గిటారే చాలు. 50 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్న చోట హమ్ 50 గానీ 100 హెర్ట్జ్ గానీ ఉంటుంది. గిటార్ ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) మూడో ఫ్రెట్టు దగ్గర 98 హెర్ట్జ్ పలుకుతుంది. హమ్ ఆ స్వరంతో దాదాపు కలిస్తే అది 100. దానికి సరిగ్గా ఒక స్థాయి కింద వినిపిస్తే 50. మెయిన్స్ 60 హెర్ట్జ్ అయితే 60, 120 అని లెక్కవేసుకోండి. 120కి దగ్గరగా అయిదో తీగ రెండో ఫ్రెట్టు, 123.5 హెర్ట్జ్, ఉంటుంది. గిటార్‌ను యాంప్‌కు తగిలించకుండా, విడిగా మీటి పోల్చండి.

ఈ ఒక్క తేడా మీ వెతుకులాటను సగానికి తగ్గిస్తుంది:

• 100 హెర్ట్జ్: ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) తర్వాత డీసీ మీద మిగిలే అల. ఫిల్టర్ కెపాసిటర్లు, సప్లై రెసిస్టర్లు, పుష్‌పుల్ ట్యూబుల (ఎదురెదురుగా జతగా పనిచేసే పవర్ ట్యూబుల) అసమానత చూడాలి.
• 50 హెర్ట్జ్: హీటర్ వైర్లు (ట్యూబులను లోపల వేడిచేసే కరెంటు తెచ్చేవి), గ్రౌండ్ లూప్ (గ్రౌండ్‌కు రెండు దారులు ఏర్పడటం), ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం, తెగిన షీల్డు.
• 100తో పాటు గీసుకుపోయే జుయ్ శబ్దం: కెపాసిటర్‌ను నింపే కరెంటు సిగ్నల్ గ్రౌండ్ మీదుగా పారుతోంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. రెక్టిఫయర్ బ్రిడ్జిలో (నాలుగు డయోడుల కూర్పులో) ఒక డయోడు పోయినా, దాని కాలు టంకం ఊడినా ఫుల్‌వేవ్ కాస్తా హాఫ్‌వేవ్ అవుతుంది. అప్పుడు సప్లై తప్పు కూడా 50 హెర్ట్జ్‌గానే వినిపిస్తుంది.

స్పీకర్ దగ్గర కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే చెవికి రొద వినిపిస్తుంటే అది ఇనుప రేకుల కంపనం. బోల్టులు బిగించి చూడండి. సర్క్యూట్‌లో వెతికితే దొరకదు.

## 4. మూత తీయకుండానే అయిదు నిమిషాల పరీక్ష

వరుస ముఖ్యం. ఒక్కో అడుగు తర్వాత ఫలితం కాగితం మీద రాసుకోండి.

ఒకటి. గిటార్, కేబుల్ తీసేసి ఇన్‌పుట్‌లో షార్టింగ్ ప్లగ్గు పెట్టండి. రొద పోతే యాంప్ మంచిదే, లోపం గిటార్‌లోనో కేబుల్‌లోనో గదిలోనో ఉంది. సింగిల్ కాయిల్ పికప్పు గిటార్ అయితే పట్టుకుని చుట్టూ తిరిగి చూడండి. ఒక దిశలో రొద బాగా తగ్గితే అది పికప్పు పట్టుకుంటున్న అయస్కాంత క్షేత్రం. యాంప్‌ను ఎంత బాగుచేసినా పోదు.

రెండు. ప్లగ్గు ఏదీ లేకుండా వినండి. షార్టింగ్ ప్లగ్గుతో నిశ్శబ్దం, ఖాళీ జాక్‌తో రొద అయితే జాక్‌లోని స్విచ్ కాంటాక్ట్ ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలపడం లేదు. ఆ లగ్గు (వైరు అతికించే లోహపు నాలుక) టంకం చూడండి.

మూడు. వాల్యూమ్ సున్నాకు తిప్పండి. రొద పోతే వాల్యూమ్ పాట్‌కు ముందున్న దశల్లో ఉంది. మారకుండా అలాగే ఉంటే ఆ తర్వాతి దశల్లోనో, సప్లైలోనో. టోన్ నాబ్‌తో కూడా ఇదే పరీక్ష చేయవచ్చు.

నాలుగు. గదిలోని డిమ్మర్లు, ఎల్ఈడీ దీపాలు, ఫోను చార్జర్లు ఒక్కొక్కటే ఆపండి. పెడళ్లు, కంప్యూటర్ కలిపి ఉంటే విప్పేయండి.

అయిదు. గిటార్ తగిలించి తీగలను ముట్టుకోండి. రొద తగ్గితే గిటార్ లోపలి షీల్డింగ్ చాలడం లేదు. పెరిగితే గిటార్ జాక్‌లో సిగ్నల్, గ్రౌండ్ తారుమారై ఉండవచ్చు. చేతికి జిల్లుమంటే వెంటనే ఆపి, ప్లగ్గు పీకి, ఎర్త్ పిన్ను నుంచి ఛాసిస్ దాకా నిరోధం కొలవండి. ఒక ఓమ్‌కు మించకూడదు.

## 5. టంకం తనిఖీ

మొదటిసారి కట్టిన యాంపుల్లో నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరికాయి. నేను కట్టిన రెండో యాంప్‌కు నాలుగు రోజులు హమ్ వెతికాను. కెపాసిటర్లు మార్చాను, హీటర్ వైర్లు రెండుసార్లు మళ్లీ అల్లాను. చివరికి ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్ లగ్గు మీద నిగనిగలాడే సోల్డర్ ముద్ద కింద వైరు ఊరికే కూర్చుని ఉంది. చూడటానికి యాంప్ మొత్తంలో అదే అందమైన జాయింటు!

కంటితో చూసేటప్పుడు మంచి వెలుతురు, భూతద్దం ఉండాలి. వెతకాల్సినవి ఇవి:

• కాలు చుట్టూ సన్నని వలయంలా చీలిక. బరువైన భాగాలు, జాక్‌లు, పాట్‌ల దగ్గర ఎక్కువ.
• సోల్డర్ పరుచుకోకుండా గోళీలా నిలబడటం. ఇదే డ్రై సోల్డర్.
• గరుకుగా, ఇసుక రేణువుల్లా ఉన్న పైభాగం. చల్లారేలోపు వైరు కదిలింది.
• పక్క లగ్గుకు పాకిన సోల్డర్, వైరు పోగు.
• జాయింటులోకి కరిగి దిగిన ఇన్సులేషన్.
• సర్క్యూట్ బోర్డు నుంచి లేచిపోయిన రాగి వలయం.

సీసం లేని సోల్డర్ మంచి జాయింటులో కూడా కాస్త మసకగా ఉంటుంది. అందుకే మెరుపును కాదు, అంచును చూడండి. సోల్డర్ అంచు లోపలికి వంగి, లోహం మీదికి పలచగా పాకి ఉంటే అతికినట్టు.

మీటరు పెట్టే చోట కూడా జాగ్రత్త కావాలి. ప్రోబును సోల్డర్ ముద్ద మీద పెడితే మోసపోతారు. ప్రోబు ఒత్తిడికే డ్రై సోల్డర్ కలిసి బీప్‌మంటుంది. ఒక ప్రోబు భాగం కాలు మీద, రెండోది వైరు అవతలి కొస మీద పెట్టండి. బీప్ కాకుండా 200 ఓమ్‌ల రేంజి పెట్టి వైరును మెల్లగా కదపండి. అంకె ఊగితే జాయింటు దొరికినట్టే.

తర్వాత పుల్ల పరీక్ష. యాంప్ వెలిగించి, వాల్యూమ్ సగంలో పెట్టి, పొడి చెక్కపుల్లతో ఒక్కో జాయింటునూ, భాగాన్నీ మెల్లగా తట్టండి. రెండో చెయ్యి వీపు వెనకే. తట్టినప్పుడు టప్, కర్ర్ అన్నా, హమ్ మారినా ఆ చోటు గుర్తు పెట్టుకోండి. ప్రీయాంప్ (సిగ్నల్‌ను మొదట పెంచే దశల) ట్యూబును తడితే గంటలా కొంచెం మోగడం సహజం, దాన్ని లోపంగా తీసుకోవద్దు.

అరగంట నడిచాక మాత్రమే వచ్చే లోపమైతే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో ప్రాంతాన్నే వెచ్చచేస్తూ వినండి.

## 6. జాయింటును మళ్లీ వేయడం

చెడ్డ జాయింటును ఐరన్‌తో ఒకసారి కరిగించి వదిలేయడం సగం మరమ్మతు. పాత సోల్డర్‌లో ఫ్లక్స్ (సోల్డర్ లోహానికి అంటేలా చేసే పదార్థం) ఎప్పుడో ఆవిరైపోయింది. దాన్ని సక్కర్‌తోనో విక్‌తోనో తీసేసి కొత్తది వేయండి.

60/40 సోల్డర్ 183 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. 63/37 రకం సరిగ్గా 183 దగ్గరే కరిగి అక్కడే గడ్డకడుతుంది కాబట్టి చల్లారేటప్పుడు కదిలే ప్రమాదం తక్కువ. కొత్తవారికి నేను చెప్పేది అదే. సీసం లేనివి సాధారణంగా 217 దాటాకే కరుగుతాయి. బిట్టు వేడి 340 నుంచి 370 మధ్య పెట్టుకోండి. వేడి తక్కువైతే జాగ్రత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ జాయింటు వేడెక్కేదాకా పది సెకన్లు పట్టుకోవాల్సి వచ్చి, ఆలోపు భాగమే ఉడికిపోతుంది.

వరుస ఇది:

• కాలు, లగ్గు రెండూ బ్లేడుతో గీకి మెరిసేలా చేయండి. చాలాకాలం నిలవ ఉన్న రెసిస్టర్ల కాళ్లకు ఇది తప్పనిసరి.
• వైరును లగ్గు చుట్టూ మెలిపెట్టండి. సోల్డర్ లేకుండానే అది కదలకుండా నిలవాలి.
• బిట్టును తడి స్పాంజి మీదో ఇత్తడి పీచులోనో తుడిచి, చుక్క సోల్డర్ అంటించండి.
• బిట్టు కాలునూ లగ్గునూ రెండింటినీ ఒకేసారి తాకాలి. ఒక సెకను ఆగండి.
• సోల్డర్‌ను బిట్టుకు కాదు, అవతలి వైపు నుంచి లోహానికి అందించండి. లోహమే దాన్ని కరిగించి లాక్కోవాలి.
• ముందు సోల్డర్, ఆ వెంటనే ఐరన్ తీయండి. మొత్తం రెండు, మూడు సెకన్లు.
• నాలుగు సెకన్లు కదలనివ్వకండి. నోటితో ఊదవద్దు.

బిట్టు మీద సోల్డర్ ముద్ద తీసుకెళ్లి జాయింటుకు పూయడం అందరూ చేసే తప్పు. దారిలోనే ఫ్లక్స్ కాలిపోతుంది, మిగిలేది జిగురులేని ముద్ద.

పాట్ వీపు మీద గ్రౌండ్ వైరు అంటకపోతే ముందు ఎమెరీ కాగితంతో రుద్ది, వెడల్పాటి బిట్టు వాడండి. అల్యూమినియం ఛాసిస్‌కు మామూలు సోల్డర్ ఎలాగూ అంటదు. అక్కడ రింగు లగ్గు, పళ్ల వాషరు, బోల్టు, నట్టు వాడాలి. ఛాసిస్ మీది రంగును గీకేసి బిగించండి. నీటి గొట్టాలకు వాడే యాసిడ్ ఫ్లక్స్ ఎంత బాగా అంటుకున్నా వాడవద్దు, కొన్ని నెలల్లో రాగిని తినేస్తుంది. సీసం సోల్డర్ వాడాక చేతులు కడుక్కోండి.

## 7. పవర్ సప్లై

జాయింట్లు తేలాకే ఇక్కడికి రావాలి. మొదట లెక్క. అల ఎత్తు దాదాపుగా కరెంటును, అల ఫ్రీక్వెన్సీ, కెపాసిటెన్స్‌ల గుణకారంతో భాగిస్తే వస్తుంది. 100 మిల్లీఆంపియర్లు, 100 హెర్ట్జ్, 100 మైక్రోఫారడ్ అయితే పది వోల్టులు. మొదటి కెపాసిటర్ మీద కొన్ని వోల్టుల అల ఉండటం మామూలే. ఆ తర్వాత ఒక్కో రెసిస్టర్, కెపాసిటర్ జత దాటేకొద్దీ తగ్గుతూ, ప్రీయాంప్ దగ్గరకు మిల్లీవోల్టుల్లోకి రావాలి. ఎక్కడ తగ్గడం ఆగిందో అక్కడి కెపాసిటర్‌నో, దాని గ్రౌండ్ జాయింటునో అనుమానించండి.

మీటరును ఏసీ రేంజిలో పెట్టి ఈ అల చూడవచ్చు. కానీ చౌక మీటర్లు కొన్ని డీసీని కూడా కలిపి పెద్ద తప్పుడు అంకె చూపిస్తాయి. ప్రోబుకు సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కెపాసిటర్ పెడితే డీసీ ఆగిపోతుంది.

కెపాసిటర్ మీద అనుమానం వస్తే విప్పనక్కర్లేదు. యాంప్ ఆపి, ఖాళీ చేసి, అంతే వోల్టేజి తట్టుకునే మంచి కెపాసిటర్‌ను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి క్లిప్పులతో బిగించి, అప్పుడు వెలిగించండి. హమ్ స్పష్టంగా తగ్గితే పాతది పోయింది. వెలుగుతున్న యాంప్‌లో ఈ క్లిప్పులు పెట్టవద్దు. పరీక్ష అయ్యాక రెండింటినీ ఖాళీ చేయడం గుర్తుంచుకోండి.

డయోడులను మీటరు డయోడు రేంజిలో, యాంప్ ఆపి ఖాళీ చేశాక చూడండి. ఒక దిశలో 0.5 నుంచి 0.7 వోల్టులు రావాలి, రెండో దిశలో ఏమీ రాకూడదు.

రెక్టిఫయర్ ట్యూబు ఉన్న యాంప్‌లో మొదటి కెపాసిటర్‌ను ఇష్టం వచ్చినంత పెంచవద్దు. ఆ ట్యూబు డేటాషీటులో గరిష్ఠ విలువ ఉంటుంది. దాటితే ట్యూబు పోతుంది.

## 8. గ్రౌండ్

"అన్నీ ఛాసిస్‌కే కదా, ఎక్కడ కలిపితే ఏమిటి?" అన్న ఆలోచనే సగం హమ్‌లకు మూలం. గ్రౌండ్ వైరుకు కూడా కొంత నిరోధం ఉంటుంది. పెద్ద కరెంటు పారే దారిలో చిన్న సిగ్నల్ గ్రౌండ్ కలిపితే, ఆ వైరు మీద పడే కొద్దిపాటి వోల్టేజి సిగ్నల్‌లో చేరి, తర్వాతి దశల్లో వందల రెట్లు పెరుగుతుంది.

సరైన కూర్పు ఇలా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (వైండింగు మధ్య నుంచి వచ్చే వైరు) లేదా బ్రిడ్జి మైనస్ నేరుగా, తన సొంత వైరుతో, మొదటి ఫిల్టర్ కెపాసిటర్ మైనస్‌కు రావాలి. దారిలో ఛాసిస్‌ను తాకకూడదు. పవర్ ట్యూబుల కాథోడ్ గ్రౌండ్లు కూడా అక్కడికే. ప్రతి ప్రీయాంప్ దశ గ్రౌండూ, ఆ దశకు కరెంటు ఇచ్చే కెపాసిటర్ మైనస్ దగ్గరే కలవాలి. ఆ గుంపులు వరుసగా ఒకదానికొకటి కలుస్తూ ఇన్‌పుట్ దాకా వెళ్లాలి. సర్క్యూట్ గ్రౌండ్ ఛాసిస్‌తో ఒక్క చోటే కలవాలి, నేను ఇన్‌పుట్ జాక్ పక్కన కలుపుతాను.

మెయిన్స్ ఎర్త్ లెక్క వేరు. దానికి విడి బోల్టు, విడి లగ్గు, వైరు లోపలికి వచ్చే చోటుకు దగ్గరలో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టును దీనికి వాడవద్దు, అది వదులైతే రక్షణ పోతుంది.

దొంగ కలయిక ఎక్కడైనా ఉందా అని చూసే పరీక్ష: యాంప్ ఆపి, ప్లగ్గు పీకి, సర్క్యూట్ గ్రౌండ్‌ను ఛాసిస్‌కు కలిపే ఆ ఒక్క వైరును విప్పండి (ఎర్త్ వైరును కాదు). ఇప్పుడు సర్క్యూట్ గ్రౌండ్‌కూ ఛాసిస్‌కూ మధ్య మీటరు ఇంకా బీప్‌మంటే రెండో దారి ఉంది. దాదాపు ఎప్పుడూ అది లోహపు జాక్ మెడ దగ్గరే ఉంటుంది. ప్లాస్టిక్ వాషర్లు వేసి వేరుచేయండి. పరీక్ష ముగిశాక ఆ వైరును మళ్లీ బిగించాకే వెలిగించండి.

ఇన్‌పుట్ జాక్ నుంచి మొదటి ట్యూబు గ్రిడ్‌కు (సిగ్నల్ లోపలికి వెళ్లే పిన్నుకు) షీల్డు వైరు (చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వాడితే షీల్డును ఒక కొస దగ్గరే గ్రౌండ్ చేయండి. రెండో కొసను కత్తిరించి హీట్ ష్రింక్ తొడగండి.

## 9. హీటర్ వైర్లు

ఒక 12ఏఎక్స్7 (ప్రీయాంప్ ట్యూబు) హీటరు 6.3 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది. పవర్ ట్యూబుల్లో 6ఎల్6 అయితే 0.9, ఈఎల్34 అయితే 1.5. ఇంత ఏసీ కరెంటు పారే వైర్లు గ్రిడ్ వైరు పక్కన సమాంతరంగా పోతే 50 హెర్ట్జ్ రాక మానదు.

ముందు కొలత. ఒక్కో హీటర్ కొస నుంచి గ్రౌండ్‌కు ఏసీ వోల్టేజి చూడండి. రెండు వైపులా దాదాపు 3.15 ఉంటే మంచిది. అంకెలు పొంతన లేకుండా తేలుతుంటే హీటరు వైండింగుకు గ్రౌండ్ ఆధారం లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు హీటర్ సెంటర్ ట్యాప్ ఉంటే అది గ్రౌండ్‌కు వెళ్తోందా చూడండి. లేకపోతే చెరో కొస నుంచి 100 ఓమ్‌ల అరవాటు రెసిస్టర్ ఒక్కొక్కటి గ్రౌండ్‌కు కలపండి. చాలా యాంపుల్లో హమ్ ఇక్కడితో సద్దుమణుగుతుంది.

వైర్లను గట్టిగా మెలితిప్పి, ఛాసిస్ మూలకు ఆనించి నడిపించండి. గ్రిడ్ వైరును దాటాల్సి వస్తే లంబకోణంలో దాటించండి. 12ఏఎక్స్7లో 4, 5 పిన్నులు ఒకటిగా కలుస్తాయి, రెండో వైరు 9వ పిన్నుకు.

ఇంకా మిగిలితే హీటర్లను గ్రౌండ్ కన్నా కొన్ని డీసీ వోల్టుల పైన నిలపవచ్చు. 400 వోల్టుల సప్లై నుంచి 220 కిలోఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 27 కిలోఓమ్ పెడితే మధ్యలో దాదాపు 44 వోల్టులు వస్తాయి. ఆ బిందువు నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్, 100 వోల్టుల కెపాసిటర్ పెట్టి, సెంటర్ ట్యాప్‌ను గ్రౌండ్‌కు బదులు దానికి కలపండి. 220 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి, రెండు వాట్లదై, ఆ వోల్టేజికి తగిన రకమై ఉండాలి.

## 10. దశల వారీగా విడగొట్టి వినడం

ఇంకా దొరకకపోతే యాంప్‌ను ముక్కలుగా విడగొట్టి వినాలి. ఆపి, ఇన్‌పుట్ వైపు మొదటి ప్రీయాంప్ ట్యూబును పీకి, మళ్లీ వెలిగించండి. హమ్ పోతే లోపం ఆ దశలోనో, దానికి ముందో ఉంది. పోకపోతే రెండో ట్యూబు. ప్రీయాంప్ ట్యూబులూ, ఫేజ్ ఇన్వర్టరూ (పవర్ ట్యూబుల జతకు సిగ్నల్‌ను రెండుగా చేసి ఇచ్చే దశ) అన్నీ తీసినా రొద మిగిలితే పవర్ ట్యూబులు, సప్లై, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మిగులుతాయి. పుష్‌పుల్ జతలో రెండు ట్యూబుల కరెంట్లు బాగా తేడాగా ఉంటే సప్లై అల రెండు వైపులా రద్దు కాదు. సరిపోయే జత వేసి చూడండి.

హమ్ కాకుండా చెవులు చిల్లులు పడే కూత వస్తే, అది మొదటిసారి వెలిగించినప్పటి నుంచీ ఉంటే, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే ఏర్పాటు) తిరగబడి ఉండవచ్చు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు పవర్ ట్యూబుల ఆనోడ్లకు వెళ్లే వైర్లను, ఆపి ఖాళీ చేశాక, అటుదిటు మార్చండి.

అన్ని ట్యూబులూ తీసేసినా సన్నగా గుంయ్‌మంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ తన అయస్కాంత క్షేత్రాన్ని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కిస్తోంది. రెండింటి చుట్లూ ఒకదానికొకటి లంబంగా ఉండేలా తిప్పాలి. ఇంకా రంధ్రాలు వేయనివారు అదృష్టవంతులు: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి మాత్రమే హెడ్‌ఫోన్ తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ కొసలు బాగా కప్పి, దాన్ని వెలిగించి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను బల్ల మీద జరుపుతూ ఎక్కడ అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

## 11. చిన్న చిప్ యాంపులు

ఎల్ఎం386తో కట్టిన యాంప్‌కు మొదటి పరీక్ష తేలిక: అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. రొద పోతే అడాప్టర్‌దే తప్పు. పోకపోతే ఇవి చూడండి.

• 6వ పిన్నుకు దగ్గరగా సప్లై మీద 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు
• 7వ పిన్ను నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్. సప్లై హమ్‌ను ఇది బాగా తగ్గిస్తుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు
• 5వ పిన్ను దగ్గర 10 ఓమ్, 0.047 మైక్రోఫారడ్ సిరీస్ జత గ్రౌండ్‌కు
• స్పీకర్ గ్రౌండ్ వైరు ఇన్‌పుట్ జాక్‌కు కాకుండా నేరుగా సప్లై గ్రౌండ్‌కు

1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ పెడితే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ అంకె) 20 నుంచి 200కి పెరుగుతుంది, దాంతో పాటే హమ్ కూడా. దాన్ని తీసి చూస్తే ఎంత రొద నిజంగా లోపమో, ఎంత కేవలం గెయినో తెలుస్తుంది.

## 12. మూత వేసే ముందు

• ఖాళీ చేసే క్లిప్పులు, పరీక్ష కెపాసిటర్లు తీశారా
• సర్క్యూట్ గ్రౌండ్ వైరు తిరిగి బిగించారా
• ఎర్త్ పిన్ను నుంచి ఛాసిస్‌కు ఒక ఓమ్ లోపేనా
• కత్తిరించిన వైరు ముక్కలు, సోల్డర్ గుళ్లు ఛాసిస్‌లో మిగల్లేదు కదా (తలకిందులు చేసి తట్టండి)
• స్పీకర్ తగిలి ఉందా
• సిరీస్ బోర్డు మీద బల్బు మందగించిందా

ఆ తర్వాత నేరుగా మెయిన్స్ మీద అరగంట నడపండి. వేడెక్కాక ఇంకోసారి పుల్లతో తట్టండి. ప్రతి ట్యూబు పిన్ను దగ్గరా, ప్రతి ఫిల్టర్ కెపాసిటర్ దగ్గరా వోల్టేజి కొలిచి ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, క్యాబినెట్ లోపలి గోడకు అంటించండి. మళ్లీ ఎప్పుడైనా గుంయ్‌మంటే మొదట పోల్చి చూసేది ఆ కాగితాన్నే.